పరీక్ష తప్పని ఆవు

మార్గెడ్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆ మంగళవారం సంతలో ఆమె ఏం చెప్పిందో మా లోయలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకు తిరుగుతున్నారు. అందులో సగం మంది ఆ రోజు అక్కడ లేనివాళ్ళే. నేనున్నాను. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె కొట్టంలో పొద్దునా సాయంత్రం పాలు పితికినదాన్ని కూడా నేనే. వినేవాళ్ళు నా దగ్గర వింటే మేలు.

ఇంగ్లండుకి పడమట ఉన్న మా పెంబ్రోక్‌షైర్‌లో మనిషికి ఇంటిపేరు ఉన్నా ఎవరూ వాడరు. పొలం పేరే మనిషి పేరు. ఆమె మార్గెడ్ పాంట్‌గ్లాస్. పక్క పొలం ఆయన గెథిన్ టీగ్విన్. నన్ను నెస్టా అంటే చాలు, నాకు పొలం లేదు. పాంట్‌గ్లాస్‌లో తొంభై ఆవులు, వాలు మీద చిన్న అడవి, ఎప్పుడూ చెమ్మగా ఉండే రాతి ఇల్లు. తండ్రి పోయాక ముప్ఫై రెండో ఏట నుంచీ మార్గెడ్ ఒక్కతే నడుపుకొచ్చింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దున్నే ఐదింటికి లేచే మగాడు దొరకలేదు" అనేది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఈనలేక అవస్థ పడుతున్న ఆవు కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి దూడ కాళ్ళు సరిచేసేది. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది ఆ చేతులే. మధ్యలో కడుక్కునేదిలెండి.

పాంట్‌గ్లాస్‌కి టీబీ వచ్చి అప్పటికి ఐదేళ్ళు. ఒకసారి మందలో కనబడిందంటే ఇక ఆ పొలం గేటు దాటి ఆవు బయటికి పోవాలంటే కబేళాకే పోవాలి. అరవై రోజులకోసారి మందంతటికీ పరీక్ష. వరసగా రెండుసార్లు ఒక్క ఆవూ తప్పకుండా ఉంటేనే విడుదల. మాకు ఆ రెండో సారి ఎప్పుడూ రాలేదు.

మొదటి రోజు పశువుల డాక్టరమ్మ షోనెడ్ వచ్చి ఒక్కో ఆవును ఇనుప బోనులోకి ఎక్కించి, మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు గొరిగి, చర్మం మందం కొలిచి, రెండు సూదులు పొడిచేది. పైది పక్షులకొచ్చే క్షయ మందు, కిందది ఆవులకొచ్చే క్షయది. మూడు రోజుల తరవాత వచ్చి మళ్ళీ కొలిచేది. కింది వాపు పై వాపుకన్నా బాగా మించిందా, ఆ ఆవు పని అయిపోయినట్టే. ఆమె అంకెలు చెబితే నేను రాసేదాన్ని. ఆ మూడో రోజు మా కుక్క బండి కింద దూరి బయటికి రాదు. అంకె చెప్పేముందు షోనెడ్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొలిచిందంటే మార్గెడ్ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ప్రతి పరీక్షకూ బోనులోకి ముందు ఎక్కేది పెన్‌వెన్. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి తల. తొమ్మిదేళ్ళ కిందట ఇంగ్లండు వైపు, సరిహద్దు అవతల, ఎవరో పొలం మూసేస్తూ మంద అమ్ముకుంటుంటే మార్గెడ్ ఆ తల చూసి మనసు పారేసుకుని కొనుక్కొచ్చింది. అప్పటికే ఐదేళ్ళ ఆవు. పద్నాలుగేళ్ళొచ్చినా ఏటా ఈనుతూనే ఉంది. చర్మ పరీక్ష ముప్ఫైసార్లు జరిగింది, ఓసారి రక్తం కూడా తీసుకెళ్ళారు. ఒక్కసారీ తప్పలేదు.

"ఏడు. ఏడు," అనేది షోనెడ్. అంటే పైనా లేదు, కిందా లేదు, చర్మం ఎలా ఉండాలో అలాగే ఉంది.

"చూశావా అమ్మాయ్! దీని ఒంట్లోకి టీబీ రావాలంటే తలుపు తట్టి, బూట్లు విప్పి రావాలి," అనేది మార్గెడ్ దాని వీపు చరుస్తూ.

"మందంతా ఇలాంటివే ఉంటే నాకు ఉద్యోగం ఉండదాంటీ," అనేది షోనెడ్. మా లోయ పిల్లే కాబట్టి ఆంటీ అని పిలిచేది.

మందంతా అలాంటివి కావు. ఒకసారి ఒకటి, ఒకసారి మూడు, ఐదేళ్ళలో ముప్ఫై ఒక్క ఆవులు లారీ ఎక్కాయి. ఎక్కించింది మేమిద్దరమే. ఎక్కడి నుంచి వస్తోందీ రోగం? గెథిన్ టీగ్విన్‌ని అడిగితే జవాబు నాలుక మీదే ఉండేది: నీ అడవిలో నేలపందులు.

పుస్తకాల్లో దాన్ని బ్యాడ్జర్ అంటారు, మా వాళ్ళు నేలపంది అంటారు. పందికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కుక్క పొడవుంటుంది, పొట్టి కాళ్ళు, తెల్ల మొహం మీద రెండు నల్ల చారలు. చీకటి పడ్డాక బీళ్ళలో వానపాములు వెతుక్కుంటూ తిరుగుతుంది. దానికీ ఇదే టీబీ వస్తుంది. దాన్నుంచి ఆవులకా, ఆవుల నుంచి దానికా అని మా సంతలో అడిగి చూడండి, టీ కప్పులు ఎగురుతాయి. మార్గెడ్ అడవిలో వాటి బొరియలు ఆమె తాత నాటి నుంచీ ఉన్నాయి. వాటిని ముట్టుకుంటే చట్టం ఊరుకోదు సరే, చట్టం లేకపోయినా ఆమె ముట్టుకోనిచ్చేది కాదు.

"నా అడవిలోవి శుభ్రమైనవి, గెథిన్," అనేది. "అవి ఉన్నంతకాలం బయటివి అక్కడ కాలు పెట్టవు. నువ్వు వీటిని చంపావనుకో, రోగంతో ఉన్నవి వచ్చి చేరతాయి. అప్పుడేడుద్దువు గాని."

"శుభ్రమని నీకెలా తెలుసు? నాలుక చాపమని చూశావా?"

"నీ నాలుక చూస్తున్నాగా రోజూ. దానికున్న రోగం వాటికి లేదు."

ఇలా పోట్లాడుకుంటూనే ఒకరి గడ్డి ఒకరు కోసిపెట్టుకునేవాళ్ళు. నలభై ఏళ్ళ ఇరుగుపొరుగు. నాలుగేళ్ళ పాటు అది పోట్లాటలాగా కూడా లేదు, పలకరింపులాగే ఉండేది.

ఐదో ఏడు మార్చిలో గెథిన్ మందలో పదకొండు తొలిచూలు పెయ్యలు ఒకేసారి పరీక్ష తప్పాయి. అన్నీ నిండుచూళ్ళు, ఈ వారమో పై వారమో ఈనాల్సినవి. అంత దగ్గరికొచ్చిన వాటిని లారీలో ఎక్కించకూడదు. అందుకని దొడ్లోనే తుపాకీతో కాల్చేశారు. పెయ్యల్ని పట్టుకోవడానికి మనిషి చాలక గెథిన్ భార్య బెటీ నన్ను పిలిచింది. ఎందుకు వెళ్ళానా అని ఇప్పటికీ అనుకుంటాను.

కాల్చినతను మంచివాడే. నెమ్మదిగా మాట్లాడాడు, ఒక్కోదాని నుదుటి మీద చెయ్యి పెట్టి నిమిరాడు. ఒక్క చప్పుడు, అది కూలిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. తల్లి కళ్ళు నిలిచిపోయాక కూడా దాని పొట్ట కదులుతోంది. లోపల దూడ తన్నుతోంది. డొక్కలో ఒకచోట ఉబ్బి, అణిగి, ఇంకోచోట ఉబ్బింది. "ఏదైనా చెయ్యండి, కొయ్యండి, తియ్యండి" అని నేను అరిచాను. తియ్యకూడదట. ఆ దూడనీ బతకనివ్వరట. మేం నిలబడి చూశాం. కొన్ని నిమిషాలకు ఆగింది. తరవాత రెండోది. అలా పదకొండు. గెథిన్ ప్రతిదాని దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టి, కదలిక ఆగేదాకా తియ్యలేదు. నా జన్మలో అలాంటిది చూడలేదు. చూసినవాళ్ళు ఎవరైనా సరే, ఎవరినో ఒకరిని తిట్టకుండా ఆ దొడ్లోంచి బయటికి రాలేరు.

గెథిన్ తిట్టాల్సిన మనిషిని వెతుక్కోనక్కర్లేదు. మంగళవారం సంతలో, వేలంపాట జరిగే గుండ్రటి దొడ్డి చుట్టూ బెంచీల మీద అందరూ కూర్చుని ఉండగా, మార్గెడ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ మధ్య మా రెండు పొలాలకీ అమ్ముకోవడానికేం లేదు, అయినా టీ తాగి నలుగుర్నీ చూసి పోదామని వెళ్ళేవాళ్ళం.

"నా పెయ్యల్ని చంపింది నువ్వు," అన్నాడు.

మార్గెడ్ టీ కప్పు కింద పెట్టింది. "గెథిన్, కూర్చో."

"కూర్చోను. రెండుసార్లు వచ్చారు గవర్నమెంటోళ్ళు నీ గుమ్మంలోకి. పట్టుకుని రక్తం చూస్తాం, రోగమున్నవాటినే తీసేస్తాం, మిగతావి వదిలేస్తాం అన్నారు. ఒక్క సంతకం అడిగారు. పెట్టావా? పెట్టలేదు. నీకు నా దూడలకన్నా ఆ చారల మొహాలు ఎక్కువైపోయాయి. పదకొండు తల్లులు, పదకొండు పిల్లలు. అందరూ వినండి, చంపింది ఈవిడ."

ఎవరూ ఆమె పక్షాన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఆ పొట్టలు నా కళ్ళముందే ఉన్నాయి. ఇంటికొచ్చాక మార్గెడ్ సొరుగులోంచి ఆ కాగితం తీసింది. అలాంటి కాగితాలు మా వైపు, రోగం ఏళ్ళ తరబడి వదలని పొలాలకు ఇస్తుండేవాళ్ళు. పొలం మనిషి ఒప్పుకుంటేనే అడవిలో బోన్లు పెడతారు.

"పట్టుకుని చూడమను," అంది సంతకం పెడుతూ. "అవి శుభ్రంగా ఉన్నాయని తేలనీ. ఏ సంతలో అన్నాడో ఆ సంతలోనే, అదే గొంతుతో, ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. అంతదాకా నేను వాడి మొహం చూడను."

అప్పటినుంచీ ఆమెకు ఇంకో ఆలోచన లేదు. టీబీ పోవడం కాదు, మంద విడుదల కావడం కాదు. ఆ ఒక్క మాట వెనక్కి రావాలి. ఆవులకి మేత వేస్తూ కూడా "చంపింది ఈవిడ అన్నాడే" అని తనలో తను అనుకునేది.

పదిహేను రోజులు బోన్లలో వేరుశనగ గింజలు పోసి అలవాటు చేశారు. మే నెలలో ఒక తెల్లవారి ఏడు బోన్లలో ఏడు నేలపందులు దొరికాయి. మత్తిచ్చి, రక్తం తీసి, అక్కడే అడవి అంచున బల్ల వేసుకుని చిన్న పట్టీల మీద ఒక్కో చుక్క వేశారు. ఇరవై నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే వదిలేస్తారు, రెండు గీతలొస్తే నిద్రలోనే సూదితో తీసేస్తారు. మార్గెడ్ కొత్త కోటు వేసుకొచ్చింది. గెలవడానికి వచ్చినట్టు వచ్చింది.

మొదటి పట్టీ మీద రెండు గీతలు. రెండో దాని మీద రెండు. మూడోది ఒకటే, ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. తరవాత మళ్ళీ రెండు, మళ్ళీ రెండు.

"పట్టీలు పాడైపోయినవేమో," అంది. "ఇంకోసారి చెయ్యండి."

ఆ కుర్రాళ్ళు మర్యాదస్తులు. కొత్త పాకెట్ ఆమె ముందే విప్పి ఇంకోసారి చేశారు. అదే వరస. ఏడింట్లో ఐదు. మార్గెడ్ గేటు పట్టుకుని నిలబడింది. ఆ ఐదింటినీ సంచుల్లో పెట్టి మోసుకుపోతుంటే చూస్తూనే ఉంది.

ఆ తరవాత ఆమెది బతుకు కాదు. సంతకి వెళితే ఆమె కూర్చున్న బెంచీ ఖాళీ అయ్యేది. చర్చిలో ఆర్గన్ ఇంకెవరికో అప్పజెప్పింది. గెథిన్ "చెప్పానా" అని ఒక్కమాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. నవ్వు ఎటుపోయిందో పోయింది. "నేనే చంపాను నెస్టా. వాడన్నది నిజమే. తొలిసారి వచ్చినప్పుడే సంతకం పెట్టుంటే పెయ్యలు బతికేవి" అనేది. నేను ఊరుకోమనేదాన్ని. ఊరుకోమనడం తప్ప ఏం తెలుసు నాకు?

సెప్టెంబరులో పెన్‌వెన్ చిక్కిపోయింది. పొదుగులో ఒక పక్క గట్టిపడింది, దగ్గు పట్టుకుంది. పోయిన పరీక్షలో కూడా ఏడు, ఏడే. ముసలిదైపోయింది పాపం అనుకున్నాం. చలికాలం ఈడ్చలేదని మార్గెడ్ దాన్ని కబేళాకి పంపేసింది. లారీ ఎక్కేముందు తెల్లటి తల పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మూడో రోజు షోనెడ్ ఫోన్ చెయ్యకుండా ఇంటికొచ్చింది. పరీక్ష లేని రోజు డాక్టరమ్మ ఇంటికొస్తే మంచికి రాదు.

"ఆంటీ, కూర్చోండి. పెన్‌వెన్‌ని కోసినప్పుడు చూశారు. ఊపిరితిత్తుల నిండా ఉంది. కాలేయంలో ఉంది. పొదుగంతా ఉంది. ఇంతగా పాకిన ఆవును వాళ్ళు ఈ మధ్యకాలంలో చూడలేదట."

"ఏముంది?" అంది మార్గెడ్. నిజంగానే అర్థం కాలేదు ఆమెకి.

"టీబీ."

"ఎవరి ఆవు గురించి చెబుతున్నావ్ నువ్వు? చెవి నంబరు చూశావా?"

"చూశాను. నేనే వెళ్ళి చూశాను."

"ముప్ఫైసార్లు చేశావే అమ్మాయ్! ఏడు ఏడని నువ్వేగా చెప్పావ్! ఇది రాసుకుంది!" అని నా వైపు వేలు చూపించింది.

షోనెడ్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "ఆ సూది పొడిస్తే చర్మం ఉబ్బేది ఒంట్లో రోగంతో పోరాడే శక్తి ఉంటేనే ఆంటీ. రోగం మరీ ముదిరిపోతే ఒక్కోసారి ఒళ్ళు పోరాటం మానేస్తుంది. అప్పుడు వాపు రాదు. చాలా అరుదు. కొత్తగా అంటుకున్నవి పట్టుబడ్డాయి, అంటించింది మాత్రం ప్రతిసారీ తప్పించుకుంది."

నా చేత్తో రాసిన ఆ ఏడులన్నీ నాకు కళ్ళముందు తిరిగాయి. మందలో అందరికన్నా ముందు బోనెక్కించి, ఇది చూడండి, ఇదీ ఆవంటే, అని మురిసిపోయిన ఆవు. ముప్ఫై ఒక్క ఆవుల్ని లారీ ఎక్కించాం, రోగాన్ని మాత్రం కొట్టంలో మొదటి గాటికి కట్టేసి, దానికి మంచి మేత వేశాం.

అక్కడితో అయిపోలేదు. లాబొరేటరీ వాళ్ళు పెన్‌వెన్‌లోని క్రిమినీ, మా మిగతా ఆవుల్లోనిదీ, ఆ ఐదు నేలపందుల్లోనిదీ, గెథిన్ పెయ్యల్లోనిదీ పక్కపక్కన పెట్టి, ఏది దేనికి పుట్టిందో తేల్చారు. డిసెంబరు మొదట్లో షోనెడ్ ఒక పెద్ద కాగితం తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. వంశవృక్షంలాగే ఉంది. వేలు పెట్టి చూపించింది.

"ఇదీ మొదలు. ఈ రకం మన వైపుది కానే కాదు, మీరు పెన్‌వెన్‌ని కొన్న ప్రాంతానిది. అక్కడే ఉండగానే అంటుకుని, కొన్నేళ్ళు దాని ఒంట్లో నిద్రపోయి ఉండాలి. దాన్నుంచి ఇవి మీ ఆవులు. ఈ కొమ్మ నేలపందులు. దీన్నుంచి టీగ్విన్ పెయ్యలు."

మార్గెడ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడు నెలల తరవాత మొదటిసారి ఆమె గొంతు లేచింది.

"అయితే అవి తేలేదు! నా అడవిలోవి తేలేదు! ఆవే వాటికంటించింది. వాటికి ముందు రోగం లేదు!" బల్ల మీద అరచేత్తో కొట్టింది. "నేను చెప్పిందే నిజం, శుభ్రమైనవే అవి!"

"అవును," అంది షోనెడ్. నవ్వలేదు. "ఈ కాగితం గెథిన్ మామకీ చూపించాను, ఆయన పెయ్యలున్నాయి కాబట్టి. కానీ ఆంటీ, ఐదుకు ఐదూ ఈ ఆవు రకంతోనే, ఒకేసారి, ఇంత గట్టిగా ఎలా అంటుకున్నాయా అని ఆలోచిస్తున్నాను. ఒకే బీట్లో మేస్తే ఒకటో రెండో అంటుకోవచ్చు. దీని పొదుగులో రోగముంది. దీని పాలు ఎప్పుడైనా వాటికందే చోట పడ్డాయా?"

ఇంతసేపూ నేను ఆ సంగతి చెప్పలేదు. దాచలేదు, అది చెప్పుకునే సంగతని మాకే ఎప్పుడూ తోచలేదు. ఆవు ఈనాక నాలుగు రోజుల పాలు డెయిరీ ట్యాంకులో కలపకూడదు. దూడ తాగాక మిగిలిన జున్నుపాలు ఇరుగుపొరుగుకి పంపిస్తాం, వాళ్ళు గుడ్డు, జాజికాయ వేసి పొయ్యిలో జున్ను వండుకుంటారు. పాలు పంపిన గిన్నె కడక్కుండా తిప్పి పంపాలి, కడిగితే ఆవు వట్టిపోతుందంటారు. ఇంకా మిగిలితే మోరీలో పొయ్యకూడదు. పొలం పొలిమేర దాకా మోసుకెళ్ళి అక్కడ నేలకివ్వాలి. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, అమ్మలు పోశారు కాబట్టి మేం పోశాం. పాంట్‌గ్లాస్ పొలిమేర అడవి అంచు. అక్కడ గుంటలాంటి రాయి ఉంది, అందులో పోస్తే తెల్లారేసరికి నున్నగా నాకేసి ఉండేది. మార్గెడ్ చూసి మురిసిపోయేది. అందరికన్నా చిక్కటి పాలు పెన్‌వెన్‌వి, అందుకని ప్రత్యేకంగా దానివే ఒక బకెట్ ఎక్కువ తీసుకెళ్ళేవాళ్ళం.

"నెస్టా," అంది మార్గెడ్. గొంతు చిన్నదైపోయింది. "ఫిబ్రవరిలో అది ఈనినప్పుడు ఎవరం తీసుకెళ్ళాం?"

"నేను."

"అంతకుముందేడు?"

"నువ్వు."

షోనెడ్ కాగితం మడత పెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ముందు అర్థం కావాలి కదా. మా చేతుల్తో, చలిలో, జారకుండా జాగ్రత్తగా పట్టుకుని, వాటి నోటి దగ్గరికి మోసుకెళ్ళి పోశాం. వాటి ముఖాన గీతలు చూసి ముచ్చటపడి పోశాం. వాటిని కాపాడాలని ఊరంతటితో పోట్లాడి, ఆ పోట్లాట మధ్యలో కూడా వెళ్ళి పోసొచ్చాం. ఆ పాలు మేమూ తాగామన్నది నాకు మర్నాడు గానీ గుర్తు రాలేదు. ఆసుపత్రిలో మా ఇద్దరికీ ఛాతీ ఫోటో తీశారు. ఏమీ లేదన్నారు. మాకేమీ లేదన్నందుకు నాకు సిగ్గేసింది.

వెళ్ళేముందు షోనెడ్ అంది, "పాల సంగతి నేనెవరికీ చెప్పనాంటీ. అది మీ ఇంటి మాట. గెథిన్ మామ మాత్రం మంగళవారం సంతలో మాట్లాడతానన్నాడు. మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నాడు."

నేనేమీ గొప్పదాన్ని కాను, అందుకే ఇది కూడా రాస్తున్నాను. మంగళవారం పొద్దున పాలు పితుకుతూ మార్గెడ్‌తో చెప్పాను.

"నోరు మూసుకుని కూర్చో. తొమ్మిది నెలలుగా ఆ ఒక్క మాట కోసం చచ్చిపోయావు. ఆయనే వచ్చి ఇస్తానంటున్నాడు, తీసుకో. డాక్టరమ్మ చెప్పదు. నేను చచ్చినా చెప్పను."

"నువ్వూ పోశావు కదా, చెప్పవులే," అంది. కసిగా అనలేదు.

ఆ రోజు సంత కిటకిటలాడుతోంది, క్రిస్మస్ ముందు సంత కదా. వేలం మొదలయ్యే ముందు గెథిన్ లోపలికొచ్చి, వేలం పాడే ఆయన దగ్గర మైకు అడిగి తీసుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, మైకెప్పుడూ పట్టుకుని ఎరగడు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"మార్చిలో ఇక్కడే ఒక మాటన్నాను. మీరందరూ విన్నారు. నా పెయ్యల్ని చంపింది మార్గెడ్ పాంట్‌గ్లాస్ అన్నాను. తప్పు. ఎక్కడో అవతల కొన్న ఆవులో వచ్చింది రోగం. పరీక్షలో దొరకలేదది. ఎవరికీ తెలీదు. నేలపందులు తేలేదు, దాన్నుంచే వాటికీ వచ్చింది. చంపింది ఆవిడ కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మార్గెడ్, నన్ను క్షమించు."

ఎవరో చప్పట్లు కొట్టబోయారు. మార్గెడ్ లేచి నిలబడింది. పక్కన కూర్చున్న నేను ఆమె కోటు అంచు పట్టుకుని లాగాను. విడిపించుకుంది.

"తీసుకోకు, గెథిన్."

"ఏంటి?"

"వెనక్కి తీసుకోకు. చంపింది నేనే. ఆ ఆవు జున్నుపాలు అడవి దగ్గర రాయిలో పోశాం. ఏటా పోశాం. పొదుగు నిండా రోగమే దానికి. అవి తాగాయి. నీ బీట్లోకొచ్చాయి. శుభ్రమైనవే అవి, నేనే చేతులారా తాగించాను. నీ దొడ్లో పొట్టల్లో తన్నుకున్న దూడలున్నాయే, ఆ బకెట్ నా చేతిలోది."

నన్ను కలిపి చెప్పలేదు. "పోశాం" అన్నాక "నేను" అని మార్చుకుంది, నాకు తెలుసు. అప్పుడు నేను లేవాల్సింది. లేవలేదు.

గెథిన్ మైకు దించలేదు. ఆమెనే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను, మీద పడతాడనుకున్నాను. అతని మొహంలో కోపం రాలేదు. అతను ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. మెల్లగా తల తిప్పి టీ కౌంటరు దగ్గర నిలబడ్డ బెటీ వైపు చూశాడు. బెటీ చేతిలోని ట్రే కింద పెట్టేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మన జున్నుపాలు మనం కంచె దగ్గర పోస్తాం," అన్నాడు గెథిన్ భార్యతో. మైకు నోటి దగ్గరే ఉంది, ఆ మాట సంతంతా వినబడింది. "ఆ పెయ్యలకన్నా ముందు ఈనిన ఆవులవి, వాటికి రోగముందో లేదో ఎవరికి తెలుసు. పోయిన శీతాకాలం అంతా పోశాం."

తరవాత మా అందరి వైపూ తిరిగాడు.

"మీరెక్కడ పోస్తారు?"

రెండు వందల మంది ఉంటాం. అందరూ తమ బూట్ల వైపే చూసుకుంటున్నారు. ముందు వరసలో ముసలాయన ఒకడు తల అడ్డంగా ఆడించడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. నా వెనక బెంచీలోంచి ఇద్దరు లేచి, పాలు బయట పొయ్యొద్దని ఇంటికి ఫోన్ చెయ్యడానికి బయటికి పరిగెత్తారు.